వెనక సీటు చూసి కొన్న బండి

మా ఇంట్లో బండి కొందామన్న మాట వచ్చినప్పుడే ఒక సంగతి తేలిపోయింది. దాని మీద నేను ఒక్కణ్ణే వెళ్లేది తక్కువ, వెనక ఎవరో ఒకరు కూర్చునేదే ఎక్కువ. పొద్దున మా ఆవిడని స్కూలు దగ్గర దింపి నేను ఆఫీసుకి వెళ్లాలి, సాయంత్రం మళ్లీ ఎక్కించుకుని రావాలి. ఆమె టీచరు, రోజూ చీరే. రెండో మనిషి మా అమ్మ. ఉండేది కొత్తపేట దగ్గర మా ఊళ్లో. మోకాళ్ల నొప్పులకి రాజమండ్రిలో చూపిస్తున్నాం, ఫిజియోథెరపీ కూడా ఇక్కడే. బస్సు ఎక్కడం, దిగడం, మళ్లీ ఆటో ఎక్కడం, వీటికే ఆవిడ మోకాళ్లు అలిసిపోతున్నాయి. కారు ఇప్పట్లో మా వల్ల కాదు. అందుకని మోటార్ సైకిల్.

ఎవరిని అడిగినా మొదట మైలేజీ గురించి చెప్పారు, తర్వాత పికప్పు, ఆ తర్వాత రీసేల్. అవన్నీ నిజమే, డబ్బు పెట్టేవాడికి కావాల్సినవే. కానీ వెనక కూర్చునే మనిషి గంటసేపు కూర్చున్నాక నడుం ఎలా ఉంటుందో, కాలు ఎక్కడ పెట్టుకుంటుందో, గతుకు వస్తే దేన్ని పట్టుకుంటుందో ఒక్కరూ ఎత్తలేదు. నాకు కావాల్సింది అదే. కాబట్టి వెనక సీటు నుంచి మొదలుపెట్టి ముందుకి వెదుక్కుంటూ వచ్చాను. మొదటి బండి కొనేవాళ్లకి, ముఖ్యంగా ఇంట్లో చీర కట్టుకుని ఒకవైపు కూర్చునేవాళ్లు ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు స్కూటర్ సంగతి. ఆడవాళ్లు ఎక్కే బండి అనగానే అందరూ స్కూటరే తీసుకోమన్నారు. ఊళ్లో తిరగడానికే అయితే నేనూ అదే తీసుకునేవాణ్ణి. కానీ మా ఊరి దారి వేరు. రాజమండ్రి నుంచి రెండు దారులున్నాయి. ఒకటి వేమగిరి, జొన్నాడ మీదుగా హైవే పట్టుకుని, గౌతమి వంతెన దాటి రావులపాలెం చేరేది. రెండోది ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కణ్ణుంచి కాలవ వెంబడి ఆత్రేయపురం, లొల్ల. రెండో దారి నీడగా, చల్లగా ఉంటుంది. అమ్మకి అదే ఇష్టం. అయితే కాలవ గట్టు రోడ్డు కదా, వానాకాలం వెళ్లిందంటే అక్కడక్కడా గుంతలు తేలతాయి. చాలా స్కూటర్లకి వెనక చక్రం 10 అంగుళాలో, 12 అంగుళాలో ఉంటుంది. మోటార్ సైకిల్‌కి 17 గానీ 18 గానీ. చిన్న చక్రం గుంతలోకి పూర్తిగా దిగి లేస్తుంది, పెద్ద చక్రం అదే గుంతని దాటుకుంటూ పోతుంది. ఆ తేడా ముందు కూర్చున్నవాడికి అంతగా తెలియదు. నడిపేవాడు రెండు చక్రాలకీ మధ్యలో ఉంటాడు. వెనక మనిషి ఇంచుమించు వెనక చక్రం మీదే కూర్చుంటుంది, దెబ్బంతా నేరుగా నడుముకే.

నాకు అప్పటికి ఉన్నది గేర్లు లేని బండి లైసెన్సు. గేర్ బండికి విడిగా ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, తీసుకోవాలి, నెల దాటాక టెస్టుకి వెళ్లొచ్చు, ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలల దాకా చెల్లుతుంది. ఆ లోపల నేర్పేవాళ్లని తప్ప ఇంకెవర్నీ వెనక ఎక్కించుకోకూడదన్నది రూలు. ఆఫీసులో ఒక అన్నయ్య తన స్ప్లెండర్ ఇచ్చి, తనే వెనక కూర్చుని నేర్పించాడు. 97 సీసీ బండి, బరువు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. కొత్తగా నేర్చుకునేవాడికి అంతకంటే మచ్చికైన బండి ఉండదేమో. ఒంటరిగా చెయ్యి తిరిగాక ఆ అన్నయ్యే ఇంకో పని చేయించాడు. పాతిక కిలోల బియ్యం బస్తా వెనక సీటుకి తాడుతో బిగించి, ఖాళీ గ్రౌండులో యూ టర్నులు తిప్పించాడు. వెనక బరువు పడితే హ్యాండిల్ ఎంత తేలికైపోతుందో, నెమ్మదిగా తిరిగేటప్పుడు బండి ఎలా పక్కకి లాగుతుందో అప్పుడు తెలిసింది. వెనక మనిషిని ఎక్కించుకుని తిరగాలనుకునే ప్రతి కొత్తవాడూ ముందు బియ్యం బస్తాని తిప్పాలని నేను గట్టిగా చెబుతాను. బస్తా భయపడి కదలదు, కేకలు వెయ్యదు. మనం కంగారు పడకుండా నేర్చుకోవచ్చు.

అదే బండి మీద నేను వెనక కూర్చుని, అన్నయ్య నడుపుతుండగా బొబ్బర్లంక దాకా వెళ్లొచ్చాను. ఇది మా ఆవిడ ఆలోచన. "మీరు ఎంతసేపూ సీటు ముందు భాగమే చూస్తున్నారండీ. వెనక్కొచ్చి ఒకసారి కూర్చోండి, అప్పుడు మాట్లాడదాం" అంది. కూర్చున్నాక చాలా అర్థమైంది. బ్రేకు వేస్తే ముందుకి జారకుండా తొడలతో ఆపుకోవాలి. గేరు మార్చినప్పుడల్లా తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ముందు ఏం వస్తోందో కనబడదు కాబట్టి స్పీడ్ బ్రేకర్‌కి ఒళ్లు సిద్ధంగా ఉండదు. నడిపేవాడికి హ్యాండిల్ ఉంది, ట్యాంకు ఉంది. వెనక మనిషికి ఉన్నదల్లా సీటు, ఫుట్‌రెస్ట్, వెనక పట్టుకునే రాడ్డు. ఆ మూడూ బాగా లేకపోతే ఇంజను ఎంత గొప్పదైనా ఆ మనిషికి ఒరిగేది లేదు.

ఆ ప్రయాణంలోనే ఇంకో విషయం. వెళ్లేటప్పుడు ప్రతి గతుకుకీ వెనక అడుగు తగిలినట్టు ధన్‌మని కొట్టింది. బ్యారేజీ దాటాక ఒక పంక్చర్ షాపు దగ్గర ఆపి చూస్తే వెనక టైరులో గాలి తక్కువ. వెనక షాకబ్జర్లు కూడా అన్నిటికన్నా మెత్తటి మెట్టు మీద ఉన్నాయి. స్ప్లెండర్ షాకబ్జర్లకి కింద మెట్లు మెట్లుగా గాడి ఉంటుంది, టూల్ కిట్‌లో వచ్చే వంకర స్పానర్‌తో తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. షాపతను గాలి కొట్టి, రెండు వైపులా సమానంగా రెండేసి మెట్లు పెంచాడు. తిరుగు దారిలో అదే రోడ్డు, అదే బండి, ఆ ధన్‌మనే దెబ్బ లేదు. అందుకని ఏ బండినైనా "వెనక గట్టిగా ఉంది", "నడుం పోయింది" అని పక్కన పెట్టేముందు గాలీ, ఈ మెట్లూ చూడాలి. ఎవరిదో బండి అరువు తెచ్చి చూసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. వాళ్లు ఒంటరిగా తిరిగేవాళ్లయితే సెట్టింగు ఒంటరి మనిషికే ఉంటుంది.

ఇక ఏ బండి అన్నది. నేను చూసినవి మూడు తరగతులు: 100, 125 సీసీ బళ్లు, 150, 160 సీసీ బళ్లు, 350 సీసీ బళ్లు. స్పోర్ట్స్ బైకుల వైపు వెళ్లలేదు. సీటు రెండు ముక్కలుగా ఉండి వెనక ముక్క ఎత్తుగా, చిన్నగా, ముందుకి వాలుగా ఉండేవి ఒకవైపు కూర్చునేవాళ్లకి కుదరవు. రెండు వైపులా కాళ్లు వేసుకుని, ముందు మనిషిని పట్టుకుని కూర్చునే కుర్రాళ్ల కోసం అవి. ఒకే బండిలో రెండు రకాల సీట్లు వచ్చేవీ ఉన్నాయి. పల్సర్ 150 అలాగే, ఒక రకం కలిసిన సీటుతో, ఇంకో రకం ముక్కల సీటుతో వస్తుంది. కాబట్టి బండి పేరు నచ్చి, సీటు నచ్చకపోతే అందులో రెండో రకం ఉందేమో అడగడం మంచిది.

350ల మీద నాకు మనసు లేదని చెప్పను. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ చప్పుడు వింటే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. కానీ లెక్క చూసుకున్నాను. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మీటియర్ 350 బరువు 191 కిలోలే గానీ సీటు 765 దగ్గరే ఉంటుంది, కాళ్లు నేలకి బాగా ఆనతాయి. చేయి తిరిగినవాళ్లకి ఆ బరువే రోడ్డు మీద నిలకడ. నాది మొదటి బండి. ఇక్కడ ఒక చిన్న విషయం చూడాలి. చీర కట్టుకున్నవాళ్లు ఎక్కేది ఎడమ పక్క నుంచి. ఫుట్‌రెస్ట్ మీద కాలు వేసి ఒళ్లు పైకి లేపినప్పుడు వాళ్ల బరువంతా ఆ క్షణానికి బండి ఎడమ పక్కన పడుతుంది. బండి బరువు, ఆ మనిషి బరువు కలిపి నా ఎడమకాలు ఒక్కటే ఆపాలి. ఆ కాలు నిండా నేలకి ఆనకుండా మునివేళ్ల మీద ఉంటే బండి ఒరిగిపోతుంది. 195 కిలోల బండి ఒకసారి ఒరిగాక కొత్తవాడి వల్ల ఆగదు. బరువు, సీటు ఎత్తు అన్నవి నడపడానికి కన్నా ఎక్కించుకోవడానికి ముఖ్యం. ఇది నాకు ఏ షోరూములోనూ చెప్పలేదు.

షోరూముల్లో సేల్స్ కుర్రాళ్లు మర్యాదగానే ఉన్నారు. టెస్ట్ రైడ్ అంటే మాత్రం "మీరొక్కరే అలా వీధి చివరిదాకా వెళ్లొచ్చెయ్యండి సార్" అనేవారు. వెనక మా ఆవిడని ఎక్కించుకుంటానంటే ఒకచోట అసలు ఒప్పుకోలేదు. ఇంకోచోట మేనేజరుగారిని అడిగితే, వెనక సీటు చూసుకోవడానికే వచ్చామని అర్థమై, మాతో ఒక కుర్రాణ్ణి పంపి కాసేపు తిరగనిచ్చారు. గట్టిగా అడగాలి, అడిగితే ఇస్తారు. ఇవ్వకపోతే ఆ బండే ఉన్న తెలిసినవాళ్లని పట్టుకోవాలి. నాకు రెండోదే ఎక్కువ పనికొచ్చింది. కొని రెండు మూడేళ్లయిన బండికి సీటు స్పాంజి ఎంత కుంగిందో కూడా కనబడుతుంది.

సీటు చూడటం మా ఆవిడ పని. ఆమె చూసిన పద్ధతి చెబుతాను. షోరూములో బండిని డబుల్ స్టాండ్ వేసి కూర్చోమంటారు. అలా కూర్చుంటే తెలియదు. వెనక చక్రం గాల్లో ఉంటుంది, షాకబ్జర్లు కుంగవు, ఎత్తు కూడా తేడాగా ఉంటుంది. అందుకని నేను ముందు కూర్చుని, రెండు కాళ్లూ ఆనించి, ముందు బ్రేకు పట్టుకునేవాణ్ణి. అప్పుడు ఆమె ఎక్కేది. ఎక్కి దిగి వచ్చెయ్యడం కాకుండా, సేల్స్ కుర్రాడు మైలేజీ గురించి చెప్పినంతసేపూ అలాగే కూర్చునేది. మొదట మెత్తగా హాయిగా అనిపించిన ఒక సీటు కాసేపటికి కింద పలక తగిలేదాకా దిగిపోయింది. కాస్త గట్టిగా అనిపించిన సీటే ఎంతసేపైనా అలాగే నిలిచింది. బొటనవేలితో నొక్కి చూస్తే కూడా తెలుస్తుంది. కాస్త దిగి ఆగాలి, ఆసాంతం లోపలికి పోకూడదు. రెక్సిన్ మరీ నున్నగా ఉంటే సిల్కు చీర మీద జారుతుందని కూడా ఆమె చెప్పింది. నాకు అది తట్టే విషయం కాదు.

ఒకవైపు కూర్చున్నప్పుడు చేతులు ఎక్కడుంటాయో చూడండి. ముఖం ఎడమ పక్కకి ఉంటుంది కాబట్టి కుడిచెయ్యి నడిపేవాడి భుజం మీదకి వస్తుంది, ఎడమచేతికి వెనక రాడ్డు అందాలి. కొన్ని బళ్లకి ఆ రాడ్డు సీటు చివర కిందకి, తోక లైటు మీదకి దిగిపోయి ఉంటుంది. అలాంటిదైతే చెయ్యి వెనక్కి తిప్పి పట్టుకోవాలి, పావుగంటకే భుజం లాగుతుంది. సీటు పక్కన, సీటుతో సమానంగా ఉండే రాడ్డు అయితే చెయ్యి సహజంగా పడుతుంది. కాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఎడమ పక్క చీర గార్డుకి అడుగున ఒక పొడవాటి లేడీస్ ఫుట్‌రెస్ట్ ఉంటుంది. రెండు పాదాలూ పక్కపక్కన పట్టేంత వెడల్పు ఉండాలి, మరీ ఎత్తులో ఉండకూడదు. ఎత్తుగా ఉంటే మోకాళ్లు పైకి మడుచుకుంటాయి, ఒళ్లు వెనక్కి వాలిపోతుంది.

పట్టుకునే పిడి, ఫుట్‌రెస్ట్, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే గార్డు, ఈ మూడూ ప్రతి మోటార్ సైకిల్‌కి ఉండాలని సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 123వ రూలు చెబుతోంది. చాలామంది కుర్రాళ్లు బండి అందం చెడిందని కొన్న వారంలోనే చీర గార్డు పీకేయిస్తారు. చీర కొంగు గానీ చున్నీ గానీ వెనక చక్రంలో పడితే ఏమవుతుందో మన రోడ్ల మీద చూడనివాళ్లు లేరు. వేసుకున్నవాళ్లకే తెలియకుండా జరిగిపోతుంది, మెడకి చుట్టుకుంటే ప్రాణం మీదకే వస్తుంది. దయచేసి ఆ గార్డు తీయించొద్దు. పాత బండి కొంటుంటే అది ఉందో లేదో చూసి, లేకపోతే వేయించాకే ఇంట్లోవాళ్లని ఎక్కించండి. చైన్ కవర్ కూడా పూర్తిగా మూసి ఉన్నదైతే మంచిది. చైను ఉండేదీ ఎడమ పక్కే, చీర వేలాడేదీ ఎడమ పక్కే.

అలా వడపోసుకుంటూ వచ్చాక చివరికి రెండు మిగిలాయి, రెండూ హోండావే. షైన్ 125, యూనికార్న్. రెండింటికీ కలిసిన సీటు, చదునుగా ఉంటుంది. రెండింటికీ 18 అంగుళాల చక్రాలు. షైన్ బరువు 114 కిలోలకి కాస్త అటూ ఇటూ, సీటు ఎత్తు 791. యూనికార్న్ 140 దగ్గర, సీటు 798. నా కాళ్లకి రెండూ నిండుగా ఆనాయి. ధరలో షైన్ చాలా చవక, మైలేజీ కూడా దానిదే పైచెయ్యి. మా ఆవిడ స్కూలు, నా ఆఫీసు వరకే అయితే షైన్ తీసుకుని ఆ మిగిలిన డబ్బు ఇంకోదానికి వాడుకునేవాళ్లం. ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఇప్పటికీ అదే చెబుతాను, 125 సరిపోతుంది.

మాకు తేడా వచ్చింది హైవే దగ్గర. ఆఫీసులో ఒకరి షైన్, ఇంకొకరి పాత యూనికార్న్ అడిగి, రెండింటి మీదా మా ఆవిడతో జొన్నాడ దాకా వెళ్లి చూశాను. అప్పటికి లైసెన్సు చేతికొచ్చింది. షైన్ ఇద్దరితో బాగానే లాగింది, కానీ వెనక లారీ హారన్ కొట్టినప్పుడు ఒక గేరు దించి గట్టిగా తిప్పితే గానీ పక్కనున్న బండిని దాటలేదు. 125 సీసీ ఇంజనుకి అది సహజం. షైన్ టార్క్, అంటే ఇంజను లాగే బలం, 11 న్యూటన్ మీటర్ల దాకా, యూనికార్న్‌ది 14 పైన. కాగితం మీద ఆ మూడు న్యూటన్ మీటర్ల తేడా చిన్నదే. ఇద్దరు ఎక్కాక, వంతెన ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం అది బాగా కనబడింది. యూనికార్న్ అదే గేరులో తొందర లేకుండా పైకొచ్చేసింది. గేర్లు తక్కువసార్లు మార్చాల్సి వస్తే వెనక మనిషి తల ఊగడం కూడా అంతే తగ్గుతుంది. కాబట్టి ఇంజను బలం కూడా చివరికి వెనక సీటు సుఖమే. దానికి ఉన్న వెడల్పాటి 100/90 వెనక టైరు, మధ్యలో ఒకే షాకబ్జరు గతుకుల్లో బాగా ఆదుకున్నాయి. సీటు కూడా షైన్ కన్నా పొడవు. ఇద్దరి మధ్యా ఒక చేతి సంచి పెట్టుకునే చోటు మిగులుతుంది. మా ఆవిడ లంచ్ బాక్సు, పేపర్ల కట్ట అక్కడే.

ఇంకోటి బ్రేకులు. మేం కొనేనాటికి 125 సీసీ దాటిన బళ్లకి ఏబీఎస్ తప్పనిసరి, 125 వరకు సీబీఎస్ ఇస్తే సరిపోయేది. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. ఏబీఎస్ అంటే గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా వదిలి పడుతుంటుంది. యూనికార్న్‌కి ఏబీఎస్ ముందు చక్రానికే, వెనక డ్రమ్ము బ్రేకు. ఇద్దరి బరువుతో, కంగారులో ముందు బ్రేకు గట్టిగా నొక్కేసే కొత్తవాడికి ముందు చక్రానికి అది ఉండటం పెద్ద ధైర్యం.

యూనికార్న్ 2004లో 150 సీసీగా వచ్చింది, 2020లో 160 అయింది. చూడటానికి పెద్ద మార్పేమీ లేదు. మా ఆఫీసులో కుర్రాళ్లకి అది నాన్నగారి బండి. నాకు మాత్రం ఆ చదును సీటు, ఆ పొడవు చూస్తే ఇంట్లో మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని చేసినట్టే కనబడింది.

ఆఖరి మాట అమ్మది కావాలనుకున్నాను. ఆ పాత యూనికార్నే అడిగి ఊరికి తీసుకెళ్లాను. వీధిలో నిలబెట్టి ఎక్కమంటే ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి ఆగిపోయింది. "ఒరే నాన్నా, పెట్టిన కాలు మీద లేవలేనురా. నొప్పి ఆ మోకాలికే" అంది. ఏ బండి తెచ్చినా ఆ సమస్య ఉండేదే, అన్నిటికీ సీటు ఎత్తు ఇంచుమించు ఒకటే. అప్పుడు బండిని మా ఇంటి అరుగు పక్కకి, ఎడమ పక్క అరుగుకి తగిలేటంత దగ్గరగా తెచ్చాను. అమ్మ అరుగు మీద నిలబడి వెనక్కి తిరిగింది, నా భుజం పట్టుకుంది, కుర్చీలో కూర్చున్నట్టు సీటు మీద కూర్చుంది. మోకాలి మీద బరువే పడలేదు. నేను బండిని కాస్త ముందుకి జరిపాక రెండు పాదాలూ ఒకదాని తర్వాత ఒకటి ఫుట్‌రెస్ట్ మీద పెట్టుకుంది. దిగేటప్పుడూ అంతే. రాజమండ్రిలో ఆస్పత్రి ముందు ర్యాంపు గట్టు ఉంది, మా అపార్ట్‌మెంట్ కింద ఒక మెట్టు ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కించుకునేవాళ్లు బండి ఎత్తు గురించి దిగులు పడేకంటే ఆపే చోటు వెదుక్కోవడం నయం. కాలవ గట్టు మీద కొంత దూరం తిప్పి తెచ్చాక, "ఆటో కన్నా నయం, నడుం కుదపలేదు" అంది. ఆ మాటతో అయిపోయింది.

కొనడం గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, మేం ఆ తర్వాతే తీసుకున్నాం. దసరా రద్దీ తగ్గనిచ్చి వెళ్లాం కాబట్టి రంగు ఎంచుకునే వీలు దొరికింది. షోరూములో ఇచ్చిన ఆన్‌రోడ్ ధర కాగితంలో ప్రతి లైనూ అడిగి రాయించుకోండి. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ తప్పవు. మిగతావన్నీ అడిగితే తగ్గేవే. అలంకారం కోసం పెట్టే వాటి బదులు ఆ డబ్బు హెల్మెట్లకి పెట్టాం.

ఇన్సూరెన్స్ దగ్గర ఒకటి అడిగి తీరాలి. కొత్త బండికి థర్డ్ పార్టీ ఐదేళ్లకి ఒకేసారి కడతాం. దాంతోపాటు వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ బండి యజమానికే, అదీ ఆయన నడుపుతున్నప్పుడే. వెనక కూర్చున్న మనిషికి అది రాదు. వాళ్లకి విడిగా కవర్ జోడించుకోవచ్చు, దానికయ్యే ఖర్చు తక్కువే. షోరూములో దాని గురించి ఎవరూ చెప్పలేదు, నేనే అడిగి వేయించాను. రోజూ ఇద్దరు వెళ్లే బండికి అది లేకుండా పాలసీ తీసుకోవడం నాకు సబబు అనిపించలేదు.

హెల్మెట్లు మూడు కొన్నాం. చట్టం ప్రకారం వెనకవాళ్లకీ ఉండాల్సిందే, లేకపోతే వెయ్యి రూపాయల ఫైను. ఫైను మాట అలా ఉంచితే, ఒకవైపు కూర్చున్న మనిషి వెనక్కి పడితే తల వెనక భాగం రోడ్డుకి తగిలే ప్రమాదం ఉంది. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న నంబరు చూసి తీసుకోవాలి. మా ఆవిడకి ముడి వేసుకుంటే హెల్మెట్ దిగలేదు, జడ కిందకి వేసుకుంటే సరిపోయింది. ఇప్పుడు స్కూలుకి వెళ్లాకే ముడి వేసుకుంటుంది. అమ్మకి నిండు హెల్మెట్ పెడితే ఊపిరాడనట్టుందంది. ముందు అద్దం ఎత్తుకునే, తేలికపాటి దానికి ఒప్పుకుంది.

తెచ్చుకున్నాక అలవాటు చేసుకున్నవి కొన్ని. చైన్ కవర్ మీదో, వెనక చక్రం పట్టే ఆర్మ్ మీదో గాలి ఎంత ఉండాలో స్టిక్కర్ ఉంటుంది. ఒంటరికి ఒకటి, ఇద్దరికి ఒకటి, వెనక టైరుకి రెండు అంకెలు. మేం ఇద్దరి అంకె ప్రకారమే కొట్టిస్తాం. పంక్చర్ షాపులో మనం చెప్పకపోతే అన్ని బళ్లకీ ఒకే లెక్కన కొట్టేస్తారు. ఇద్దరు కూర్చుంటే వెనక కుంగి హెడ్‌లైటు పైకి లేస్తుంది, ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. మెకానిక్‌తో దాన్ని కాస్త దించించాను. ఎక్కే ముందు సైడ్ స్టాండ్ తీసి, న్యూట్రల్‌లో పెట్టి, ముందు బ్రేకు పట్టుకుని నేను "ఊఁ" అన్నాకే మా ఆవిడ ఎక్కుతుంది. కొంగు నడుముకి దోపి, కుచ్చిళ్లు కాళ్ల మధ్య సర్దుకున్నాక నా భుజం మీద తడుతుంది. ఆ తట్టు పడేదాకా క్లచ్ వదలను. గుంత కనబడితే "గతుకు" అని ముందే చెబుతాను, ఆమె రాడ్డు గట్టిగా పట్టుకుంటుంది. మొదట్లో గేరు మార్చినప్పుడల్లా మా హెల్మెట్లు ఒకదానికొకటి తగిలేవి. క్లచ్ నిదానంగా వదలడం అలవాటయ్యేకొద్దీ అది పోయింది. ఇప్పుడు ఎప్పుడైనా టక్కుమంటే నేను తొందరపడుతున్నానని నాకే తెలిసిపోతుంది.

అమ్మని ఎక్కించుకున్నప్పుడు మాత్రం హైవే దారి పట్టను. ఎంత ఆలస్యమైనా బొబ్బర్లంక మీదుగానే, నలభై దాటకుండా. ఆత్రేయపురంలో ఒకసారి ఆపుతాం. ఎవరో ఒకరి అరుగు పక్కన నిలిపితే దిగి కాళ్లు చాపుకుంటుంది, పూతరేకుల కొట్టు వాళ్లకి ఆవిడ ఇప్పుడు బాగా పరిచయం. చీకటి పడేలా ఉంటే మాత్రం బండి రాజమండ్రిలోనే ఉంచేసి, అమ్మతో పాటు రావులపాలెం బస్సు ఎక్కేస్తాను. కాలవ గట్టు మీద రాత్రిపూట దీపాలుండవు.